పటానికి ఎక్కని సరస్సు

2023 మొదట్లో ఆ ఉద్యోగంలో చేరిన రోజు నా ముందు రెండు పెట్టారు. ఒకటి, అంతకు కొన్ని వారాల ముందే, 2022 డిసెంబర్ 19 తెల్లవారుజామున మాంట్రియల్‌లో ఆమోదం పొందిన కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ప్రణాళిక. రెండోది ఒక ఎక్సెల్ షీట్. ప్రణాళికలో 23 లక్ష్యాలు, షీట్‌లో 23 వరసలు. ప్రతి వరసకూ నాలుగు గడులు: మనం ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అయిందో లేదో ఎలా తెలుస్తుంది. అన్నీ ఖాళీ.

అదొక చిన్న దేశం. పర్యావరణ శాఖలో ఈ ఒప్పందాల పని చూసే విభాగం అంటే మొత్తం ఐదుగురం. నాది మ్యాపుల పని, ఒప్పంద ఉద్యోగం. దేశం పేరు రాయడం లేదు. అప్పుడు నాతో కలిసి కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు, వాళ్లను అడగకుండా వాళ్ల మాటలు బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా అక్కడ నేను చూసింది ఆ ఒక్క దేశం సంగతే కాదని, మిగతా దేశాల నివేదికలు వరసపెట్టి చదివాక తెలిసింది.

దేశాలు సంతకం పెట్టాక ఎవరో పైనుంచి చూసి అమలు చేయిస్తారని అంతకుముందు నేనూ అనుకునేవాణ్ణి. ఆ ప్రణాళికకు మూలమైన ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందంలో అలాంటి ఏర్పాటు లేదు. 1992లో రియోలో సంతకాలు మొదలై, 1993 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందంలో యూరోపియన్ యూనియన్‌తో కలిపి ఇప్పుడు 196 మంది సభ్యులు. అమెరికా సంతకం వరకు వచ్చి ఆగిపోయింది. ప్రతి దేశం తన జాతీయ వ్యూహం తానే రాసుకోవాలని, దాన్ని మిగతా శాఖల ప్రణాళికల్లో కలపాలని ఆరో అధికరణం చెబుతుంది. ఏం చేశారో ఎప్పటికప్పుడు నివేదిక పంపాలని 26వ అధికరణం చెబుతుంది. పంపకపోతే జరిమానా లేదు. సైటీస్ దారి వేరు. అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని చూసే ఆ ఒప్పందంలో, మాట తప్పిన దేశంతో ఆ వ్యాపారం ఆపేయమని స్థాయీ సంఘం మిగతా దేశాలకు సిఫారసు చేయగలదు. ఎగుమతులు ఆగుతాయంటే ఏ మంత్రయినా కదులుతాడు. మా ఒప్పందంలో మాత్రం ముఖ్యమైన అధికరణాల్లో చాలావాటికి "సాధ్యమైనంత వరకు, తగిన విధంగా" అన్న మాట తగిలించి ఉంటుంది. ఆ మాట చాటున ఏళ్ల తరబడి ఊరకే కూర్చోవచ్చు. కూర్చోకుండా ఉండాలంటే దేశం లోపలే ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

మాకు ఆ పట్టు ఉన్న మనిషి మా విభాగాధిపతి. మొదటి వారం ఆవిడ బీరువాలోంచి పాత జాతీయ వ్యూహం తీసి నాకిచ్చి, "రాత్రికి చదివి రా" అన్నారు. మంచి కాగితం, మంచి బొమ్మలు. 2010లో జపాన్‌లోని నగోయాలో సభ్యదేశాలు పదేళ్ల కోసం ఒప్పుకున్న 20 ఐచి లక్ష్యాలే అందులోనూ దాదాపు మాటకు మాట ఉన్నాయి. బాధ్యుల గడిలో పైనుంచి కింది దాకా ఒకటే రాసుంది: "సంబంధిత శాఖలు." ప్రపంచం మొత్తం మీద ఆ పదేళ్లు ఎలా ముగిశాయో 2020లో ఒప్పంద సచివాలయమే లెక్క తేల్చింది. 20 లక్ష్యాల్లో ఒక్కటీ పూర్తిగా అందలేదు, ఆరు మాత్రం కొంతవరకు అందాయి. దేశాలు తమకు తామే పెట్టుకున్న లక్ష్యాల్లో ఐచి లక్ష్యాలకు సరిగ్గా సరితూగినవి పావు వంతు కూడా లేవు.

పొద్దున్నే ఆవిడ నన్నడిగింది ఒక్కటే. "ఇందులో ఉన్న పని ఏదైనా రేపు జరగకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?" నా దగ్గర జవాబు లేదు. "అయితే ఈసారి షీట్‌లో 'సంబంధిత శాఖలు' అన్న మాట కనపడకూడదు. ఏ శాఖో, ఆ శాఖలో ఏ కుర్చీనో రాయండి" అన్నారు. మూడేళ్ల పాటు మేం చేసిందంతా ఆ కుర్చీలు వెతకడమే.

నా మొదటి వరస మూడో లక్ష్యం. 2030 నాటికి భూమి, లోతట్టు జలాల్లో 30 శాతం, సముద్రంలో 30 శాతం సంరక్షణలోకి రావాలి. ఇది ప్రపంచం మొత్తానికి పెట్టుకున్న అంకె, ఏ దేశం వాటా ఎంతో ఆ దేశమే చెప్పాలి. రక్షిత ప్రాంతాల లెక్క చెప్పే ప్రొటెక్టెడ్ ప్లానెట్ 2024 నివేదిక నాటికి ప్రపంచం భూమి మీద 17.6 శాతం, సముద్రంలో 8.4 శాతం దగ్గర ఉండేది. మా దేశానికీ ఒక శాతం ఉండేది. ప్రసంగాల్లో, కరపత్రాల్లో, స్కూలు పుస్తకాల్లో కూడా అదే. అది ఎలా వచ్చిందని అడిగితే అటవీ శాఖ ఒక జాబితా, మత్స్య శాఖ ఒక జాబితా, జలవనరుల వాళ్లు ఒక జాబితా ఇచ్చారు. ఎవరో ఎప్పుడో ఆ మూడింటినీ కూడి, దేశ విస్తీర్ణంతో భాగించారు.

మూడు జాబితాలనూ పొరలుగా చేసి ఒకదాని మీద ఒకటి పరిచాను. ఉత్తరాన ఒక చిత్తడి నేల ఉంది. అది నేషనల్ పార్కు లోపల ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోనూ ఉంది. పక్షుల కోసం విడిగా ప్రకటించిన రక్షిత ప్రాంతం కూడా అదే. ఒకే నీళ్లు, మూడు పేర్లు, మూడుసార్లు లెక్క. అలాంటివి ఒకటి తర్వాత ఒకటి బయటపడుతూ వచ్చాయి. అతివ్యాప్తులన్నీ కరిగించి ఒకే ఆకారం చేశాను. అప్పుడు ఇంకో సంగతి కనిపించింది. కొన్ని విస్తీర్ణాలు వెబ్ మెర్కేటర్ మ్యాపు మీద కొలిచినవి. ఫోన్లలో మనం చూసే మ్యాపులు అవే. దారి చూపడానికి బాగుంటాయి గానీ, భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ అందులో నేల ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. విస్తీర్ణం కొలవాలంటే, వైశాల్యాన్ని ఉన్నదున్నట్టు చూపే మ్యాపు పద్ధతిలోకి, అంటే సమవైశాల్య ప్రొజెక్షన్‌లోకి మార్చాలి. మార్చి కొలిచాను. అందరూ గర్వంగా చెప్పుకుంటున్న శాతం కిందికి దిగింది.

ఆ ప్రింటవుట్ రెండు రోజులు నా బ్యాగులోనే ఉంది. చేతులు రాలేదు. మూడో రోజు విభాగాధిపతి ముందు పెడితే, ఆవిడ బోర్డు దగ్గరికి తీసుకెళ్లి, ఆ చిత్తడి నేలను గీసి చూపించమన్నారు. మూడు గీతలు ఒకదానిపై ఒకటి గీశాను. చాలాసేపు చూసి, "పద" అని నేరుగా కార్యదర్శి గదికి తీసుకెళ్లారు. ఆయన మొదటి ప్రశ్న: "అంటే ఇదివరకు మనం పంపిన నివేదిక తప్పా?" ఆవిడ తడుముకోలేదు. "అవునండి. ఈసారి లెక్క ఎలా వేశామో రాసి, పాత అంకెతో దీన్ని పోల్చొద్దని కూడా రాద్దాం." ఆయన సంతకం పెట్టడానికి పది రోజులు పట్టింది, కానీ పెట్టారు. అంతర్జాతీయ ఒప్పందం అమలు కావడం నేను కళ్లారా చూసిన మొదటి సందర్భం అదే అనుకుంటాను. కొత్తగా ఒక్క ఎకరా రక్షణలోకి రాలేదు, ఉన్న నిజం మాత్రం కాగితం మీదికి వచ్చింది.

శాతం తగ్గడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. రక్షిత ప్రాంతాల పొరను నేలల పొర మీద పెడితే, రక్షణలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం రాతి కొండలు, ఎవరికీ సాగుకు పనికిరాని ఎత్తైన చోట్లు. నదీ తీరాలు, పల్లపు గడ్డి మైదానాలు దాదాపు ఖాళీ. లక్ష్యంలో ఉన్నది అంకె ఒక్కటే కాదు. అన్ని రకాల ఆవరణ వ్యవస్థలకూ చోటుండాలి, ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, నిర్వహణ సరిగా ఉండాలి అని కూడా ఉంది. ఆ భాగం ఎవరూ బయట చెప్పరు, ఎందుకంటే దాన్ని ఒక్క అంకెలో చెప్పలేం.

మాకు దారి తోచనప్పుడు ఇతర దేశాలు ఏం చేశాయో చదివేవాళ్లం. కోస్టారికా 1996 అటవీ చట్టంతో, అడవి నిలబెట్టిన భూమి యజమానులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బులో పెద్ద వాటా ఇంధనం మీద పన్ను నుంచి వస్తుంది. అంటే అడవికి ప్రతి బడ్జెట్‌లోనూ చేయి చాచే పని లేదు. యూరోపియన్ యూనియన్ 2024లో ప్రకృతి పునరుద్ధరణ చట్టం చేసి, 2030 నాటికి తన భూమిలో, సముద్రంలో కనీసం 20 శాతం మీద పునరుద్ధరణ పనులు జరగాలని సభ్యదేశాలకు కట్టుబాటు పెట్టింది. భారతదేశం 2002లో చేసిన జీవవైవిధ్య చట్టం పంచాయతీ స్థాయిలో కమిటీ వేసి, స్థానికుల నోటినుంచే రిజిస్టర్ రాయించమంటుంది. ఇవి చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: వ్యూహ పత్రం ఎంత బాగా రాశారన్నది కాదు, అది చట్టంలోకో పన్నులోకో ఊరి రిజిస్టర్‌లోకో దిగిందా లేదా అన్నదే తేడా. బీరువాలో ఉన్న మా పాత పుస్తకం వీటిలో దేనిలోకీ దిగలేదు.

అందుకే విభాగాధిపతి తన ఓపికంతా 18వ లక్ష్యం మీద పెట్టారు. జీవవైవిధ్యానికి హాని చేసే ప్రోత్సాహకాలను, అందులో సబ్సిడీలను, గుర్తించి 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి కనీసం 50,000 కోట్ల డాలర్ల మేర తగ్గించాలని అందులో ఉంది. దాని పక్కనే 19వది, అన్ని మార్గాల నుంచి ఏడాదికి 20,000 కోట్ల డాలర్లు సమకూర్చాలని. చెరపడానికి పెడుతున్నది కాపాడటానికి అడుగుతున్నదానికి రెండింతలకు పైనే అని ఆ రెండు వరసలు పక్కపక్కన చదివితే తెలుస్తుంది.

ఆర్థిక శాఖలో మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి. వ్యవసాయ శాఖ వాళ్లూ వచ్చారు. మేం తీసుకెళ్లిన జాబితాలో మొదటిది రసాయన ఎరువుల సబ్సిడీ. ఎందుకంటే నదిలోకి కొట్టుకుపోతున్న నత్రజని నేరుగా తీరంలోని సముద్రపు గడ్డిని చంపుతోంది, ఏడో లక్ష్యం కూడా ఆ కాలుష్యాన్ని సగానికి తగ్గించమంటుంది. ఆర్థిక శాఖ అధికారి జాబితా మొదటి పేజీ చదివి కాగితాన్ని బోర్లించి పెట్టారు. "హానికర సబ్సిడీ అని నా సంతకంతో రాసిస్తే, రేపు శాసనసభలో దాన్నే నాకు చదివి వినిపిస్తారు. రైతు నోటి దగ్గర కూడు తీస్తున్నారంటారు" అన్నారు. వ్యవసాయ శాఖ ఆవిడ, "మా రైతులకు ఇంకో దారి చూపించకుండా ఇది తీసేస్తే నేనే ముందు అడ్డు పడతాను" అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మేం వెళ్లింది ఎరువు ఆపమని కాదు, ఆ డబ్బే నేలకు మేలు చేసే పద్ధతులకు ఇవ్వొచ్చేమో చూడమని. కానీ మా కాగితం అలా చదివించుకోలేదు. తప్పు మాదే. శీర్షిక మార్చుకుని మళ్లీ వెళ్లాం. అలా ఏడుసార్లు వెళ్లాం.

ఏడోసారి తర్వాత దొరికింది బయటివాళ్లకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఏటా అన్ని శాఖలకూ వెళ్లే బడ్జెట్ ప్రతిపాదన పత్రంలో ఒక కొత్త గడి. ఈ ఖర్చు జీవవైవిధ్యానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా, సంబంధం లేదా అని గుర్తు పెట్టాలి. జీవవైవిధ్యానికి డబ్బు లెక్కలు చూసుకోవడానికి 2012లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ మొదలుపెట్టిన బయోఫిన్ కార్యక్రమం ద్వారా కొన్ని దేశాలు ఇలాంటి లెక్కలే చేసుకున్నాయి, ఆ నమూనా మాకు ఆసరా అయింది. మొదటి ఏడాది చాలా శాఖలు "సంబంధం లేదు" అని రాసి పంపాయి. రహదారుల శాఖలో ఒక కుర్ర ఇంజినీరు మాత్రం ఫోన్ చేసి, "రోడ్డు కింద జంతువులు దాటడానికి తూములు వేస్తున్నాం, ఇది మేలు కిందికి వస్తుందా?" అని అడిగాడు. ఆ ఫోన్ పెట్టేశాక విభాగాధిపతి కుర్చీలోంచి లేచి మా అందరి దగ్గరికీ వచ్చి ఆ మాట చెప్పారు. ఒప్పందం పేరు ఎన్నడూ వినని మనిషి దాన్ని అమలు చేస్తున్నాడు. షీట్‌లో ఆ గడిలో అతని కుర్చీ రాశాం.

మిగతా వరసల్లో చాలావాటి గురించి ఇంత చెప్పడానికేం లేదు. బయటి నుంచి వచ్చి పడే ఆక్రమణ జాతుల రాకను సగానికి తగ్గించాలన్న ఆరో లక్ష్యం ఓడరేవు తనిఖీ సిబ్బంది చేతిలో ఉంది, వాళ్లు మొదటి రోజే ఒప్పుకున్నారు. జన్యు వనరుల ప్రయోజనాల పంపిణీకి 2014 నుంచి నగోయా ప్రోటోకాల్ అనే అనుబంధ ఒప్పందం అమల్లో ఉంది, అనుమతి పత్రాల పద్ధతి అప్పటికే నడుస్తోంది. పని అయిందో లేదో కొలిచే సూచికల్లో కొన్ని అవునో కాదో చెప్పే ప్రశ్నలు మాత్రమే, అవి ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి. అయితే, చట్టం ఉందా అంటే అవును అని రాయడం తేలిక, ఆ చట్టం పనిచేస్తోందా అని ఆ ఫారం అడగదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ తొలుస్తుంది.

ఇక సరస్సు సంగతి.

శాతం తగ్గాక, దాన్ని నిజాయితీగా పెంచే దారి ఏదైనా ఉందా అని వెతికాం. 2018లో సభ్యదేశాలు ఒక నిర్వచనం ఒప్పుకున్నాయి. ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించకపోయినా, ప్రకృతికి దీర్ఘకాలం నిజంగా మేలు జరుగుతున్న చోట్లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. మా ఆఫీసు భాషలో ఓఈసీఎంలు. దక్షిణ తీరంలో ఒక ఉప్పునీటి సరస్సు ఉంది, చుట్టూ మడ అడవి. అక్కడి జాలర్లు చేపలు గుడ్లు పెట్టే నెలల్లో సరస్సులో ఒక పాయను తమంతట తామే మూసేస్తారు. తాతల నాటి నుంచీ అంతే. ఏ ప్రభుత్వ కాగితమూ లేదు. నిర్వచనానికి అచ్చంగా సరిపోయే చోటు. ఉపగ్రహ చిత్రం చూసి ఆ పాయ చుట్టూ నేను ముందే ఒక గీత గీసుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను.

పడవల షెడ్డులో కూర్చున్నాం. పాతికమంది ఉంటారు, సగానికి పైగా ఆడవాళ్లు. నేను చెప్పిందంతా దుబాసీ వాళ్ల భాషలో చెప్పాడు. తెర మీద ఆకుపచ్చ ఆకారం చూపించాను. ఒక పెద్దావిడ లేచి వచ్చి, కళ్లు చిట్లించి చూసి, తడి వేలు తెర మీద పెట్టి నా గీతను అడ్డంగా చెరిపినట్టు గీసింది. "ఇక్కడ కాదు" అంది. మరి ఎక్కడ అని అడిగాను. ఆవిడ చెప్పింది దుబాసీ రెండుసార్లు అడిగి గానీ నాకు చెప్పలేకపోయాడు. వాళ్ల హద్దు ఒడ్డును బట్టి కాదు, నీటి అడుగును బట్టి. గెడ దించితే అడుగున ఇసుక పోయి బురద ఎక్కడ తగులుతుందో అక్కడి నుంచి మూత. వానలు ఎక్కువైన ఏడు బురద ముందుకు వస్తుంది, హద్దూ ముందుకు వస్తుంది. తక్కువైన ఏడు వెనక్కి పోతుంది. ఏటా గెడలతో కొలిచి కర్రలు పాతుతారు.

అంతర్జాతీయ డేటాబేస్‌కు పంపాలంటే కదలని హద్దు కావాలి. ఆ సాయంత్రం దాకా నేను ఆలోచించింది అదే: కదిలే గీతను పాలిగాన్‌గా, అంటే మ్యాపు మీద మూసిన ఆకారంగా, ఎలా గీయడం, అన్ని ఏళ్లకూ కలిపి పెద్దది గీయాలా, ఎప్పుడూ మూసి ఉండే నడిమి భాగమే గీయాలా. సాంకేతికంగా దానికి దారి ఉంది. కానీ మరుసటి రోజు వాళ్లు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర దారి లేదు. పెద్దావిడే అడిగింది. "మా నీళ్లు మీ పటం మీదికి ఎక్కాక, అవి ఎవరివి?" పక్కనున్న కుర్రాడు ఇంకోటి అడిగాడు. "కాపలాకి మీ మనుషులు వస్తారా? వస్తే మిగతా నెలల్లో మా పడవలను ఆపుతారా?"

ఆపరని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. ఆ రాత్రే విభాగాధిపతికి ఫోన్ చేశాను. ఆవిడ న్యాయ శాఖను అడిగి మర్నాడు చెప్పారు: దేశ చట్టంలో ప్రభుత్వం ప్రకటించిన రక్షిత ప్రాంతం ఒక్కటే ఉంది. ఊరివాళ్ల హక్కుగా ఒక నీటి పాయను గుర్తించే అధికరణం ఏదీ లేదు. పటం మీద పెడితే రేపు ఎవరైనా దాన్ని రక్షిత ప్రాంతంగా మార్చవచ్చు, అప్పుడు పడవలు ఆగినా ఆగవచ్చు. అదే మాట వాళ్లకు చెప్పాను, ఏదీ దాచకుండా. మూడో లక్ష్యంలో ఆదివాసీల, స్థానిక సముదాయాల హక్కులను గౌరవించాలని స్పష్టంగా ఉందని, ముందుగా తెలిపి, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి లేకుండా మేం ముందుకు పోమని కూడా చెప్పాను. వాళ్లు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి పెద్దావిడ, "ఇప్పుడు వద్దు నాయనా. చట్టం మారాక రా" అంది. నాయనా అన్నది దుబాసీ మాటో ఆవిడ మాటో నాకు తెలియదు. అంత మెత్తగా ఎవరూ నాకు కాదనలేదు.

రాజధానిలో దీని మీద గట్టి వాదనే జరిగింది. ఆ పాయ ఎక్కితే సముద్ర తీరపు శాతం కంటికి కనిపించేంత పెరుగుతుంది. వాళ్లు ఎలాగూ కాపాడుతున్నారు, పటం మీద పెడితే వాళ్లకు పోయేదేముంది అని ఒక సీనియర్ అధికారి అడిగారు. విభాగాధిపతి ఒక్క మాటే అన్నారు: "వాళ్లు వద్దన్నారు." ఆ పాలిగాన్ తీసేశాం. దాని బదులు, ఆదివాసీల, స్థానిక సముదాయాల భాగస్వామ్యం, హక్కుల గురించిన 22వ లక్ష్యం వరసలో ఒక పని చేర్చాం: సముదాయాల సంరక్షణను గుర్తించేలా చట్ట సవరణ. బాధ్యుల గడిలో న్యాయ శాఖలో ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఉన్నాయన మా గదికి వచ్చి స్వయంగా ముసాయిదా అడిగి తీసుకెళ్లారు.

2024 అక్టోబర్‌లో కొలంబియాలోని కాలీలో సభ్యదేశాలు కలిసే నాటికి కొత్త వ్యూహాలు తయారై ఉండాల్సింది. సమావేశం ముగిసేసరికి 196 మందిలో పంపింది 44 మంది మాత్రమే, 119 దేశాలు లక్ష్యాలు మాత్రం పంపాయి. మేం ఆ 119లో ఉన్నాం, 44లో లేం. ఆ ఆలస్యానికి నేను సిగ్గుపడను. సగం ఆలస్యం ఆర్థిక శాఖ మెట్లెక్కడంలో, సగం పడవల షెడ్డులో అయింది. కాలీలోనే ఆదివాసీల, స్థానిక సముదాయాల విషయాల కోసం ఒక శాశ్వత అనుబంధ సంఘం ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది తెర మీద ఆ తడి వేలు. డబ్బు సంగతి అక్కడ తేలక, 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మళ్లీ కూర్చున్నారు. అప్పటికి మా వ్యూహం పూర్తయింది. ఆ వెంటనే, 2026 ఫిబ్రవరి 28 గడువుగా ఏడో జాతీయ నివేదిక పని మొదలైంది. మళ్లీ అదే షీట్, ఈసారి "అయిందా" అన్న గడితో.

నా కాంట్రాక్టు ముగిసింది. చట్ట సవరణ ముసాయిదా ఇంకా చర్చలోనే ఉంది. ఈమధ్య దుబాసీ ఒక ఫొటో పంపాడు. ఈ ఏడాది మూతకు పాతిన కర్రలు, వాటి వెనుక ఆ పెద్దావిడ, చేతిలో ఒక స్కూలు నోటుబుక్కు. ఏ తేదీన ఎక్కడ గెడకు బురద తగిలిందో ఈ ఏడు నుంచి రాసి పెట్టుకుంటున్నారట. మా కోసమా అని అడిగాను. కాదు, మా కోసమే అందట. కావాలంటే చట్టం మారాక చూపిస్తామందట.